బాతుకు పెద్ద ఇంజను

"ఇంజను వచ్చిందే!" అని మా ఆయన వీధి మలుపు నుంచే కేకేశాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు గట్టు మీద పెట్టానో గాలిలో పెట్టానో నాకే తెలియదు. పగిలిన చప్పుడు మాత్రం వెనక వినబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరుగెత్తాను.

తోపుడుబండి మీద, ఇనుప పట్టీలు బిగించిన చెక్కపెట్టె. దాని పక్కన మా మెకానిక్కు నిలబడి ఉన్నాడు. ఆయన్ని రేవులో అందరూ బోల్టు బాబాయి అంటారు. నేను పెట్టె చుట్టూ చేతులు వేసి, చెవి ఆనించి, వాసన చూశాను.

"అమ్మాయ్, ముద్దు పెట్టుకోకు, మేకులున్నాయి," అన్నాడు బాబాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని రేవంతా అంటారు. నిజమే, కాదనను. కానీ సంతోషం కూడా అక్కడే ఉంటుందని ఒక్కరూ అనరేం? ఆ పొద్దున నన్ను చూసినవాళ్లెవరైనా అనాల్సిన మాట అది.

మా పడవని బాతు అంటాం. అడుగు వెడల్పు, నడక ఊగులాట, రంగు ఎన్నిసార్లు వేసినా తెల్లబోయే తెలుపు. ఏరు సముద్రంలో కలిసే చోట ఈ ఒడ్డున ఊరు, అవతల ఎగువన దీవి. దీవిలో పనిచేసే టీచర్లని, నర్సుల్ని, తాపీ పనివాళ్లని దింపి రావడం మా పని. పడవ మా అత్తది. నడిపేది నేను. మా ఆయన వడ్రంగి, ఎంత పెద్ద పడవకైనా మరమ్మతు చేస్తాడు, కానీ పడవెక్కితే చాలు కళ్లు తిరుగుతాయి. అందుకని ఆయన్ని ఒడ్డునే ఉంచుతాం.

పాత ఇంజను పేరు దగ్గులమారి. తాడు లాగితే దగ్గుతుంది, వేగం పెంచితే ఇంకా దగ్గుతుంది. పోటు సమయంలో ఫరవాలేదు. ఆటు సమయంలో నీళ్లన్నీ సముద్రం వైపు పరుగు తీస్తుంటే దానికి ఎదురు వెళ్లాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. ఇంజను అరుస్తూనే ఉంటుంది, ఒడ్డు మీది మిద్దె మాత్రం ఎంతసేపటికీ మా పక్కనే ఉంటుంది! అందుకే నడి ఏరు వదిలేసి, జోరు తక్కువుండే ఇసుకమేటల పక్కనుంచి పాక్కుంటూ వెళ్లేవాళ్లం. ముందు పీట మీద అత్త కూర్చుని నీళ్ల రంగు చూసి, "కుడికి! ఎడమకి! ఆగవే, ఆగు!" అని కేకలు వేసేది.

మా అత్త నిండైన మనిషి. ఆమె ఎక్కితే బాతు కూడా ఒకసారి మూలుగుతుంది. పైగా ఒక్క క్షణం కుదురుగా కూర్చోదు. ముందుకి జరుగుతుంది, వెనక్కి వాలుతుంది, పక్కకి ఒరుగుతుంది. పడవ నడిపే నాకు చిర్రెత్తుకొచ్చేది.

"కుదురుగా కూర్చో అత్తా!"

"కూర్చునే ఉన్నాను కదే, ఇంకేం చేయను, పడుకోనా?"

రోజూ ఇదే గొడవ. మా గొడవ మొదలైతేగానీ పడవ బయల్దేరినట్టు కాదని టీచర్లు నవ్వేవారు.

ఇదంతా బాగానే ఉండేది, రేవుకి కొత్త ఆఫీసరమ్మ వచ్చేదాకా. ఆవిడ రావడం, ఒక పడవ ఆటులో చిక్కుకుని జనంతో సహా సముద్రం దాకా కొట్టుకుపోవడం ఒకేసారి జరిగాయి. అదృష్టం బాగుండి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. మర్నాడే ఆవిడ గట్టిగా చెప్పేసింది. జనాన్ని ఎక్కించుకునే ప్రతి పడవా నిండు బరువుతో, నడి ఏట్లోంచి, ఆటుకి ఎదురుగా, ఆగకుండా దీవి చేరి చూపించాలి. చేరలేని పడవ ఇక జనాన్ని ఎక్కించకూడదు.

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. బాతుని నడపడం తప్ప నాకు ఏ పనీ చేతకాదు. చేతకాకపోవడమే కాదు, ఇంకే పనీ చేయబుద్ధి కాదు. పొద్దున్నే హ్యాండిల్ మీద చెయ్యేస్తే ఒంట్లోకి ప్రాణం వస్తుంది. అది పోతే నేను ఇంట్లో గోడల మీద అరుచుకుంటూ బతకాలి. ఆ గోడలకీ, మా ఆయనకీ కూడా అంత ఓపిక లేదు.

"పడవ ముసలిదేం కాదు. గుండె మార్చాలి, అంతే," అన్నాడు బోల్టు బాబాయి.

అలా వచ్చింది ఈ ఇంజను. ఎలా కొన్నారని అడగకండి, చెప్పను.

పెట్టె తెరిచాం. అబ్బ, ఏం నలుపు! నా మొహం కనిపించేంత నున్నగా ఉంది. దగ్గులమారిని నేనొక్కదాన్నే భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చేదాన్ని. దీన్ని ఎత్తడానికి నలుగురు కావాల్సి వచ్చింది, అందులో ఇద్దరు మధ్యలోనే "దించండి, దించండి" అన్నారు.

"ఇప్పుడే బిగించేద్దాం," అన్నాను.

"ఆగమ్మా," అని బాబాయి పడవ వెనక చెక్కని వేలితో కొట్టి చూశాడు. ఇంజను బరువంతా మోసేది ఆ చెక్కే. ఒక చోట టకటకమంది, ఇంకో చోట దబ్‌మంది. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లోపల చెక్క నానిన బిస్కెట్టులా ఉంది. మా ఆయన మొహం మాడిపోయింది. ఏటా దానికి రంగు వేసేది ఆయనే మరి.

"పైన రంగు వేస్తే లోపల బాగుపడుతుందా?" అని నేను నోరు పారేసుకున్నాను. ఆయన వెళ్లి రంపం తెచ్చుకున్నాడు. కుళ్లిందంతా కోసి పారేసి, పలక మీద పలక పెట్టి, మధ్యలో జిగురు పూసి, బిగింపులు వేశాడు. రేవంతా జిగురు వాసన, ఆయన గడ్డం నిండా రంపపు పొట్టు. "ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని నా వైపే చూస్తూ అందరికీ చెప్పాడు. నేను ముట్టుకున్నాను. ఆరిందో లేదో చూడాలి కదా! నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఆ వెనక చెక్క మీద ఉంది.

ఇంజను బిగించి నీళ్లలోకి దింపితే బాతు వెనక్కి కూలబడింది. వాననీళ్లు బయటికి పోవడానికి వెనక ఉన్న చిన్న బెజ్జం నీళ్లలో మునిగి, అక్కడినుంచి ఏరే లోపలికి రావడం మొదలుపెట్టింది. ఒకటే హడావుడి! నేను చెప్పు పెట్టి నొక్కాను, ఆయన బిరడా చెక్కాడు, బాబాయి మాత్రం చంకలో చేతులు పెట్టుకుని నవ్వాడు. తర్వాత పెట్రోలు ట్యాంకు మధ్య బల్ల కిందికి, బ్యాటరీ దానికి ముందుకి జరిపాం. అత్త ఎప్పటిలాగే ముందు పీట మీద కూర్చుని, ఎవరూ అడక్కపోయినా, ఏది ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉంది. బాబాయి రేవు మెట్ల మీదికెక్కి, ఒక కన్ను మూసి, పడవ నీళ్లలో ఎలా నిలబడిందో చూశాడు.

"తూకం వేసినట్టు సమంగా ఉంది," అన్నాడు.

బల్లల మీద మనుషులకి బదులు ఇసుక మూటలు వేసుకుని మొదటిసారి బయల్దేరాం. మీట తిప్పగానే ఇంజను దగ్గలేదు, మూలగలేదు, పిల్లిలా గురగురమంది. రేవు దాటాక మెల్లగా వేగం పెంచాను. బాతు ముక్కు కొంచెం లేపింది, ఊపిరి పీల్చుకున్నట్టు ఒక్క క్షణం ఆగింది, దభీమని ముక్కు దించి పరుగందుకుంది.

ఓరి నాయనో! ఒళ్లంతా ఝల్లుమంది. ఇన్నేళ్లు నీళ్లలో పాకిన పడవ నీళ్ల మీద పోతోంది! ఒడ్డు మీది మిద్దె, ఆ దరిద్రపు మిద్దె, ఎప్పుడూ కదలని మిద్దె, చూస్తుండగానే వెనక్కి పోయింది. నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు, పక్కన కూర్చున్న బాబాయి కూడా అరుస్తున్నాడు. దీవి కొస తిరిగి దిగువకి మళ్లాక, సముద్రం అలలు ఏట్లోకి తోసుకొచ్చే చోట కూడా బాతు టపటపమని గెంతుకుంటూ దాటేసింది. దీవి రేవులో ఆగేసరికి నా కళ్లలో నీళ్లు. గాలికే అని చెప్పాను.

తిరిగొచ్చాక అత్త మాత్రం ఏమీ అనకుండా పడవ దిగి మెట్లెక్కింది. మా అత్త ఏమీ అనకపోవడమా! వెనకే వెళ్లి ఏమైందని అడిగాను.

"ఏముంది? ఈ హోరులో నా కేక నీదాకా రాదు. మేటల పక్కనుంచి పోయే పని కూడా లేదు. ఇక నేనెందుకే?"

సంతోషంలో నాకు ఒళ్లు తెలియడం లేదు. "అంతకంటే ఏం కావాలి అత్తా? హాయిగా ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చో!" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను.

పరీక్ష రోజు ఆటు జోరు మీదుంది. టీచర్లు, నర్సులు, రోజూ మాతో వచ్చేవాళ్లే, మాకోసం బల్లలన్నీ నింపి కూర్చున్నారు. ఆఫీసరమ్మ వెడల్పాటి టోపీ పెట్టుకుని మధ్య బల్ల మీద కూర్చుంది. బాబాయి నా పక్కన. అత్త గొడుగు పట్టుకుని, ఒడ్డున తాళ్లు కట్టే రాతి దిమ్మె మీద కూర్చుంది, మా ఆయన ఆమె పక్కన నిలబడ్డాడు. ముందు పీట ఖాళీగా ఉంటే పడవ శుభ్రంగా ఉందనిపించింది నాకు.

వేగం పెంచాను. బాతు ముక్కు లేపింది. లేపి, ఇక దించలేదు. ఇంకా పెంచితే ఇంకా లేపింది. ఇంజను హోరెత్తిపోతోంది, వెనక నీళ్లు గోడలా లేస్తున్నాయి, ముందు నాకు పడవ ముక్కు తప్ప దారి కనబడటం లేదు. పడవ మాత్రం దగ్గులమారి నాటి నడకే!

"నాకు ఆకాశం ఒక్కటే కనిపిస్తోంది," అంది ఆఫీసరమ్మ.

వెనక్కి తిప్పాను. బాబాయి ఇంజను పైకెత్తి, నీళ్లలో తిరిగే ఫ్యానుకి నాచేమైనా చుట్టుకుందా అని చూశాడు, ఏమీ లేదు. ఇంజను వాలు ఒక గడి మార్చి మళ్లీ చూశాడు, అదే వరస. "నిన్నటి ఇంజనే, నిన్నటి బరువే!" అని ఆయన తల పట్టుకున్నాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ఇంజను మీద అరిచాను.

ముక్కు లేస్తోంది కదా, ముక్కు మీద బరువు పెడదామన్నాడు బాబాయి. ఒక ఇసుక మూట ముందు పీట మీద పెట్టి, తాడుతో బిగించి కట్టాం. మళ్లీ బయల్దేరాం. బాతు చక్కగా ముక్కు దించి పరుగు తీసింది! టీచర్లు చప్పట్లు కొట్టారు. నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుండగానే సముద్రపు అలలు తగిలే చోటు వచ్చింది. మొదటి అలకి ముక్కు లేవాల్సింది, లేవలేదు. తిన్నగా అలలోకి గుచ్చుకుంది. నీళ్లు బిందెలతో కుమ్మరించినట్టు అందరి నెత్తి మీదా పడ్డాయి. ఆఫీసరమ్మ టోపీ సముద్రం దారి పట్టింది.

తడిసి ముద్దయి రేవుకి చేరాం. ఒక నర్సు ఏడుపు మొహం పెట్టింది. మూట తీస్తే ముక్కు లేస్తుంది, పెడితే మునుగుతుంది.

ఆఫీసరమ్మ జుట్టు పిండుకుంటూ నెమ్మదిగానే అంది. "ఆటు తిరిగిపోతే ఈ పరీక్ష చెల్లదు. టోపీ పోయినా ఇంకొక్కసారి కూర్చుంటాను. అదే ఆఖరు."

నేను మెట్ల మీద కూలబడ్డాను. అయిపోయింది, అనుకున్నాను. బాతు పోయింది, నేనూ పోయాను. అదే సమయానికి దూరంగా ఒక పెద్ద పడవ వెళ్లింది, దాని అలలు ఒడ్డుకొచ్చి కట్టేసిన బాతుని ఊపడం మొదలుపెట్టాయి. ఎందుకో నా చూపు అత్త మీదికి పోయింది.

అత్త రాతి దిమ్మె మీద కూర్చుని బాతు వైపు చూస్తోంది. అల వచ్చి బాతు ముక్కుకి తగలబోయేముందు అత్త వెనక్కి వాలింది. అల దాటగానే ముందుకి జరిగింది. మళ్లీ అల, మళ్లీ వెనక్కి. రాతి మీద, ఒడ్డున, గొడుగు కింద! తను అలా చేస్తున్నట్టు తనకే తెలియదు.

అప్పుడు నాకు వెలిగింది. నిన్న పడవ సమంగా ఉందని బాబాయి కన్ను మూసి చూసినప్పుడు అత్త పడవలోనే ఉంది. మొదటిసారి ఎగురుకుంటూ వెళ్లినప్పుడూ ఉంది. మూటలన్నీ లెక్కపెట్టిన మేం ఆమెని లెక్కపెట్టలేదు. తెడ్డూ తాడూ పీటా పడవలో ఉన్నట్టే అత్త కూడా ఉంటుంది, అంతే మాకు. నేను కుదురు లేదని రోజూ తిట్టిన ఆ జరగడం, ఆ వాలడం... అయ్యో, అత్తా!

ఎగిరి లేచాను. "అత్తా! ఎక్కు!"

"ఎక్కడికి?"

"ముందు పీట మీదికి! తొందరగా!"

అత్త గొడుగు కూడా మూయలేదు. "ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోమన్నావుగా?"

"అన్నాను, బుద్ధి లేక అన్నాను. ఎక్కు తల్లీ!"

"బరువు తక్కువైందా? ఇంకో మూట కట్టుకో. నేను దానికంటే బరువనేగా పిలుస్తున్నావు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మూటకి అల వస్తోందని తెలియదు అత్తా. నువ్వు ఇక్కడ రాయి మీద కూర్చుని కూడా పడవని నడుపుతున్నావు. నాకు ఇన్నాళ్లూ కళ్లు లేవు. నువ్వు లేకపోతే నాకు ఈ పడవ చేతకాదు, ఎక్కు!"

అత్త నా మొహంలోకి చూసింది. తర్వాత మా ఆయనకి గొడుగిచ్చి, "పట్టుకోరా, వంచకు," అని మెట్లు దిగింది. బాతు ఎప్పటిలాగే ఒకసారి మూలిగింది. అంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. బాబాయి తాడు కోసి మూట ఒడ్డుకి విసిరేశాడు.

ఆటు ఇంకా బలంగానే ఉంది. వేగం పెంచాను. ముక్కు లేచింది. అత్త వీపు ముందుకి వంగింది, ఒక్క బెత్తెడు జరిగింది, అంతే. దభీమని ముక్కు దిగింది, బాతు పరుగందుకుంది! మిద్దె వెనక్కి పోయింది. నీళ్లు ఎదురొస్తున్న కొద్దీ ఇంజను కసిగా తోస్తోంది, హ్యాండిల్ నా చేతిలో వణుకుతోంది. ఇక అలల చోటు. ఆఫీసరమ్మ రెండు చేతులతో బల్ల పట్టుకుంది.

మొదటి అల. అత్త వెనక్కి వాలింది, ముక్కు లేచి అల మీదికెక్కింది. అత్త ముందుకి జరిగింది, బాతు అవతలికి దిగింది. రెండో అల, మూడో అల. ఒక్క చుక్క లోపల పడలేదు. ఉన్నట్టుండి అత్త చెయ్యి పైకి లేచి కుడికి ఊగింది. కేక వినబడదని తెలుసుకుని చెయ్యి వాడుతోంది! నేను ఆలోచించకుండా కుడికి తిప్పాను. ఎడమ పక్కనుంచి, నీళ్లలో సగం మునిగిన దుంగ ఒకటి సర్రున వెనక్కి పోయింది. నేనున్న చోటు నుంచి అది కనిపించే అవకాశమే లేదు.

"అదీ! అదీ మా అత్త!" అని గొంతు చించుకున్నాను. పక్కన బాబాయి చిన్నపిల్లాడిలా బల్లని బాదుతున్నాడు.

దీవి రేవుకి ఆనుకునేసరికి టీచర్లూ నర్సులూ ఒకరినొకరు వాటేసుకున్నారు. ఆఫీసరమ్మ దిగి, అత్త వైపు వేలు చూపించింది.

"ఈవిడ రోజూ వస్తారా?"

"రోజూ వస్తుంది మేడమ్," అన్నాను.

"అయితే సరే, పడవ పాసైంది. కానీ ఒక షరతు. ముందు పీట మీద ఈవిడ లేకుండా ఈ పడవ జనాన్ని ఎక్కించకూడదు. మూట కడతాం, రాయి పెడతాం అంటే ఒప్పుకోను."

నేను ఎగిరి గంతేశాను. బాతు ఊగింది. అత్త మాత్రం మూతి బిగించుకుని, "అంటే నేను కూడా ఇంజను సామానులో ఒకదాన్నా?" అంది.

"అసలు సామాను నువ్వేనక్కా. ఇదంతా పై తొడుగు," అని బాబాయి నల్లటి ఇంజను మీద చెయ్యేశాడు.

అత్త అప్పుడు నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. గాలికే అంది.

తిరుగు ప్రయాణానికి అందరూ ఎక్కారు. అత్త తన పీట మీద సర్దుకుని, ఎందుకో బొమ్మలా బిగుసుకుని కూర్చుంది. రోజూ కుదురుగా కూర్చోమన్నందుకు నాకు బుద్ధి చెబుతున్నట్టుంది. నేను మీట తిప్పాను, వేగం పెంచాను. బాతు ముక్కు లేపింది, దించలేదు. అత్త ఇంకా బిగుసుకునే ఉంది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"కదులు అత్తా! నీకు దండం పెడతాను, కదులు!"

అత్త వెనక్కి తిరిగి ఏదో అంది. ఇంజను హోరులో ఒక్క మాట వినబడలేదు. ఏమందో నాకు తెలుసు. తర్వాత ఆమె భుజాలు ముందుకి వంగాయి, బాతు ముక్కు దించింది.